పేరు వెనక మనిషి

తలుపు ఇంకా తీయలేదు. ఫార్మలిన్ ఘాటుకి అప్పుడే కళ్ళు మండుతుంటాయి. కొత్త తెల్లకోటు చేతులు మడుచుకుంటూ, ఒకళ్ళ వెనక ఒకళ్ళు నక్కుతూ పిల్లలు డిసెక్షన్ హాల్లోకి అడుగుపెడతారు. బల్ల మీద గుడ్డ కప్పి ఒక మనిషి. చుట్టూ పది, పదిహేను మంది. కత్తి పట్టకముందు చెయ్యి చాచి, ఈ దేహాన్ని గౌరవంగా చూస్తామని ప్రమాణం చేస్తారు. మెడికల్ కాలేజీల్లో ఇప్పుడిది ఆనవాయితీ. శవం అనరు. కెడావర్ అంటారు, మొదటి గురువనీ అంటారు.

బల్ల మీది దేహమంటే ఉన్న భయం నాలుగు రోజుల్లో పోతుంది. పోనిది పేర్ల భయం. ఎంబీబీఎస్ అయినా, నర్సింగ్ అయినా, ఫిజియోథెరపీ అయినా మొదటి ఏడాది అనాటమీ దాటాల్సిందే. ఎదిగిన మనిషికి 206 ఎముకలు. వాటి మీద గుంటలు, గట్లు, రంధ్రాలు. ఒక్కోదానికి ఒక్కో పేరు. జత్రుక, భుజాస్థి, రత్ని, అరత్ని అంటూ తెలుగులో చదువుకొచ్చిన పిల్లకి వైవాలో, అంటే నోటి పరీక్షలో, క్లావికల్, హ్యూమరస్, రేడియస్, అల్నా ఎదురవుతాయి. ఎముక చేతిలోనే ఉంటుంది, నోరు పెగలదు.

పాఠం చెప్పేవాళ్ళ మీద నా ఫిర్యాదు ఇక్కడే. పేర్లు అప్పజెప్పమంటారు గానీ, వాటి అర్థం చెప్పేవాళ్ళు తక్కువ. పటెల్లా అంటే లాటిన్‌లో చిన్న పళ్ళెం. మన అమ్మమ్మలు మోకాలి చిప్ప అన్నారు. ప్యూపిల్‌కి మూలమైన లాటిన్ మాటకి చిన్నపిల్ల అనీ, బొమ్మ అనీ అర్థం. ఎదుటివాళ్ళ కంట్లో మన రూపం చిట్టి బొమ్మలా కనిపిస్తుంది గనక. మనం కనుపాప అన్నాం. రోములో ఎవరో, గోదావరి గట్టున ఎవరో, ఎదుటి మనిషి కంట్లోకి చూసి ఒకే మాట అనుకున్నారు! మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. వాటిలో ఒకటి పడవ, ఒకటి నెలవంక, ఒకటి బఠాణీ గింజ, ఒకటి కొక్కెం. స్కాఫాయిడ్, ల్యూనేట్, పిసిఫార్మ్, హామేట్ అనే పేర్లకి అర్థాలివే. తొడ మీదుగా ఏటవాలుగా దిగే సార్టోరియస్ ఒంట్లోకెల్లా పొడవైన కండరం. ఆ పేరు దర్జీ నుంచి వచ్చింది. మఠం వేసుకుని కూర్చోడానికి సాయపడే కండరమది, పాతకాలపు దర్జీలు కుట్టుపనికి కూర్చున్నది అలాగే. ఇది తెలిసిన పిల్ల ఆ పేరు మరిచిపోతుందా?

అర్థం తెలిస్తే సగం వచ్చినట్టు. మిగతా సగం చేతికి తెలియాలి. మీరూ చూడండి: బొటనవేలినీ చిటికెనవేలినీ కలిపి, మణికట్టును లోపలికి కొద్దిగా వంచండి. నడిమధ్యన తాడులా ఒక నరం లేచిందా? మనం నరమన్నా నిజానికది కండరపు చివర, పాల్మారిస్ లాంగస్ అనే కండరానిది. లేవలేదా? కంగారు పడకండి, కొందరికి అది పుట్టుకతోనే ఉండదు. లేనివాళ్ళ చేతికి ఇబ్బందేమీ రాదు. అందుకే మరోచోట తెగినదాన్ని అతకడానికి సర్జన్లు దాన్ని తీసి వాడతారు.

పుస్తకంలో మనిషి ఒక్కడే. బల్లల మీది మనుషులు ఎవరికి వారే. ఒకరి రక్తనాళం చీలిన చోట ఇంకొకరిది చీలదు. ఫోన్‌లో తిప్పి చూసే త్రీడీ బొమ్మలు ఎంత బాగున్నా, ఈ తేడాను వేళ్ళకు తెలియజెప్పలేవు.

చూడకుండా చదివితే ఏమవుతుందో వైద్యం ఒకసారి అనుభవించింది. రోమన్ల కాలంలో గేలెన్ అనే వైద్యుడు కోతులనీ, పందులనీ కోసి చూసి మనిషి గురించి రాశాడు. కింది దవడ రెండు ఎముకలన్నాడు. పదమూడు వందల ఏళ్ళు ఆయన మాటే వేదం. మనిషి దేహాన్ని స్వయంగా కోసి చూసిన వెసేలియస్ 1543లో తన గ్రంథం అచ్చువేసి, ఆ దవడ ఒకటే ఎముకని తేల్చాడు. అప్పటికి ఆయనకి 28 ఏళ్ళు. మన సుశ్రుతుడు అంతకు ఎంతో ముందే, దేహాన్ని పారే నీటిలో ఏడు రాత్రులుంచి, పొర పొరా ఒలిచి కళ్ళారా చూడమన్నాడు. ఆ చూపు మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా సంఘం కట్టుబాటు దాటి శవచ్ఛేదం చేశాక, ఈ దేశంలో ఆధునిక వైద్యవిద్యకి తలుపు తెరుచుకుంది.

మరి ఆ బల్ల మీదికి ఎవరొస్తారు? కొన్నేళ్ళ కిందటి దాకా ఎక్కువగా ఎవరూ రాని అనాథ దేహాలే దిక్కు. ఎవరూ అడగని మనిషి మీద చదువు నేర్చి, అందరికీ వైద్యం చేశారు మన డాక్టర్లు. ఆ అప్పు పెద్దది. ఇప్పుడు తమంతట తాము ఇచ్చేవాళ్ళున్నారు. 2024 సెప్టెంబరులో సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి దేహాన్ని ఆయన కుటుంబం ఢిల్లీ ఎయిమ్స్‌కి అప్పగించింది. ఆ మరుసటి నెలలో ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా దేహం హైదరాబాదులోని గాంధీ మెడికల్ కాలేజీకి చేరింది.

మెడికల్ కాలేజీ అనాటమీ విభాగంలో దేహదానం ఫారం దొరుకుతుంది. ముందుగా కళ్ళు దానం చేసినా దేహాన్ని తీసుకుంటారు. కళ్ళు మాత్రం ఆరు గంటల్లోపు సేకరించాలి. పోస్ట్‌మార్టం జరిగిన దేహం మామూలుగా పనికిరాదు. ఒక్కటి గుర్తుంచుకోండి. సంతకం మీదే అయినా, ఆ రోజు కాలేజీకి ఫోన్ చేయాల్సింది మీ ఇంట్లోవాళ్ళు. ఫారం నింపేముందు వాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడండి.