మన కంప్యూటర్‌లోనే వికీ నడుపుదాం

హోసూరు, బళ్లారి, బరంపురం వంటి ఊళ్లలో మన పిల్లలు చాలామంది బడిలో తెలుగు చదవలేదు. కానీ కోడ్ రాయగలరు. ఆ నేర్పు తెలుగుకు పనికొచ్చే చోటు ఒకటుంది.

2003లో మొదలైన తెలుగు వికీపీడియా మీడియావికీ అనే సాఫ్ట్‌వేర్‌పై నడుస్తోంది. దాని కోడ్ ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. అసలు సైట్‌ జోలికి పోకుండా, ముందు మన కంప్యూటర్‌లో దాని నకలు నడిపి చూద్దాం.

గిట్, పీహెచ్‌పీ, కంపోజర్ ముందే ఉండాలి. గిట్‌తో కోడ్ దించుకుని, ఆ ఫోల్డర్‌లో కంపోజర్ అప్‌డేట్ నడిపితే కావలసిన లైబ్రరీలు వస్తాయి. ఇక్కడ ఆగిపోతే సాధారణంగా పీహెచ్‌పీకి ఎంబీస్ట్రింగ్ వంటి ఎక్స్‌టెన్షన్ ఏదో లేదని అర్థం. దాని పేరు తెరపైనే కనిపిస్తుంది. తర్వాత ఎస్‌క్యూలైట్‌తో ఇన్‌స్టాల్ చేయాలి. సమాచారమంతా ఫైళ్లలోనే ఉంటుంది కనుక వేరే డేటాబేస్ సర్వర్ అక్కర్లేదు. చివరగా కంపోజర్ సర్వ్ నడిపి, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 4000 తెరిస్తే వికీ సిద్ధం. ఆదేశాలు అక్షరం పొల్లుపోకుండా కోడ్‌తోపాటు వచ్చే డెవలపర్స్ ఫైల్లో ఉన్నాయి.

మెనూల్లోని తెలుగు మాటలు 'టీఈ' జేసన్ ఫైల్లో ఉంటాయి. అక్కడ మార్చి చూసుకోవచ్చు. అందరికీ చేరాలంటే మాత్రం ట్రాన్స్‌లేట్‌వికీలో రాయాలి. ఏ మాట సరైనదో ఇంట్లో పెద్దలను అడుగుదాం. కోడ్ పిల్లలది, మాట పెద్దలది.