పాత జీపుకు డిస్కు బ్రేకుల యాక్సిలా? ముందు టేపు పట్టండి

అల్లం, పసుపు మూటలు నింపుకుని పాడేరు ఘాట్ దిగే పాత జీపులో మీరెప్పుడైనా కూర్చున్నారా? నాలుగైదు మలుపులు తిరిగేసరికి కాలిన లైనింగు వాసన ముక్కుకు తగులుతుంది. డ్రైవరు పెడల్ రెండు మూడుసార్లు తొక్కితేగానీ బండి ఆగదు. మాడుగుల చేరాక చక్రం మీద నాలుగు నీళ్లచుక్కలు చల్లితే సుయ్‌మంటాయి. ఆ రోజుకు గండం గడిచినట్టే. మళ్లీ వారం అదే దారి, అదే బండి, అదే లోడు.

ఇందులో డ్రైవరు తప్పేమీ లేదు. డ్రమ్ము వేడెక్కితే సాగుతుంది. సాగితే లోపలి బ్రేకు షూకి దూరమవుతుంది, పెడల్ కిందికి జారిపోతుంది. పల్లానికి దిగేటప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది కాబట్టి ముందు చక్రాల డ్రమ్ములే ముందుగా కాలుతాయి. డిస్కు సంగతి వేరు. అది గాలికి బయటే ఉంటుంది కనుక తొందరగా చల్లారుతుంది. వేడికి కాస్త ఉబ్బినా ప్యాడ్ల వైపే ఉబ్బుతుంది. గెడ్డ దాటి వచ్చినా డ్రమ్ములోలా నీళ్లు నిలవవు. అందుకే 'ముందు యాక్సిల్ మొత్తం డిస్కు బ్రేకులున్నది వేసేద్దాం' అని షెడ్డు మేస్త్రీ చెబితే మాట సబబుగానే తోస్తుంది.

కానీ డబ్బు తీసే ముందు పాత యాక్సిల్‌ని ఓసారి చూడండి. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. కటకటలాడితే కింగ్ పిన్నో, బేరింగో పోయినట్టు. ఆ చివర నుంచి ఈ చివరకు దారం లాగి కట్టి చూస్తే యాక్సిల్ వంగిందో లేదో తెలుస్తుంది. వంగకుండా, పిన్ను రంధ్రాలు అరగకుండా ఉంటే యాక్సిల్ మార్చే పని ఇప్పట్లో పెట్టుకోవద్దు. కొత్త లైనింగులు, వీల్ సిలిండరు రబ్బర్లు, కొత్త హోసులు, కొత్త బ్రేకు ఆయిలు వేయించండి. డ్రమ్ము ఇప్పటికే లేతు మీద బాగా కోతపడి పలచబడి ఉంటే కొత్తది తెప్పించండి. పలచటి డ్రమ్ము ఇంకా తొందరగా వేడెక్కుతుంది. నలుగురు రైతులు కలిసి కొనుక్కున్న బండి అయితే ఈ ఖర్చు పంచుకోవడమూ తేలిక.

యాక్సిల్ నిజంగానే పోయిందనుకోండి. అప్పుడు గాజువాక ఆటోనగరైనా, విజయవాడ ఆటోనగరైనా వెళ్లే ముందు మీ బండి కొలతలు కాగితం మీద రాసుకోండి. కుడి కమాను మధ్య నుంచి ఎడమ కమాను మధ్యకు ఎంత ఉందనేది మొదటి కొలత. యాక్సిల్ మీద కమాను కూర్చునే దిమ్మలు సరిగ్గా అంతే ఎడంలో ఉండాలి. మాకు తెలిసిన ఒకాయన ఈ కొలత చూడకుండా, డిస్కులు తళతళా మెరుస్తున్నాయని యాక్సిల్ తెచ్చుకున్నాడు. దిమ్మలు రెండంగుళాలు లోపలికి ఉన్నాయి. కొట్టువాడు వాపసు తీసుకోలేదు. 'దిమ్మ కోసి జరిపి వెల్డింగు పెడదాం' అన్నాడట మేస్త్రీ. ముందు యాక్సిల్‌కు, నకిల్‌కు, స్టీరింగు ఆర్ముకు ఎవరు చెప్పినా వెల్డింగు ఒప్పుకోకండి. కొనేదాని మీద పాత వెల్డింగు గుర్తు కనిపించినా అక్కడే వదిలేయండి.

తరువాత చక్రం బోల్టులు. పాత జీపుల్లో చాలావాటికి అయిదు బోల్టులు, వాటి వలయం అయిదున్నర అంగుళాలు. పక్కపక్క బోల్టుల నడిమి నుంచి నడిమికి కొలిస్తే 82 మిల్లీమీటర్లు రావాలి. బోల్టులు సరిపోయినా రిమ్ము లోపలి అంచు క్యాలిపర్‌కు రాసుకోవచ్చు. అందుకే మీ చక్రం ఒకటి వెంట తీసుకెళ్లి బిగించి తిప్పి చూడండి. బరువే, తప్పదు. స్టీరింగు ఆర్ము మీ బండికి ఉన్న పక్కనే ఉందా? విదేశీ తుక్కులో వచ్చినవాటికి ఎడమ స్టీరింగుకు తగ్గట్టు ఉంటుంది. యాక్సిల్ వచ్చిన బండి మోసే బరువు మీ బండి కంటే తక్కువ కాకూడదు. నాలుగు చక్రాలూ లాగే జీపైతే ముందు వెనుక యాక్సిళ్ల పళ్ల నిష్పత్తి ఒకటే కావాలి, లేకపోతే గేరుపెట్టె పోతుంది. డిస్కు పలక ఎంత పలచబడేదాకా వాడొచ్చో సాధారణంగా దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. వెర్నియరు పెట్టి చూడమనండి.

అసలు చిక్కు యాక్సిల్ దగ్గర కాదు, పెడల్ దగ్గర. డ్రమ్ములో షూ తిరుగుడుకు తానే లోపలికి లాక్కుని పట్టు పెంచుకుంటుంది. డిస్కుకు ఆ గుణం లేదు, కాలితో ఎక్కువ బలం తొక్కాలి. అందుకే బూస్టరు కావాలి. డీజిలు ఇంజనుకు బూస్టరు పనిచేయాలంటే వాక్యూం పంపు కావాలి, చాలా బళ్లలో అది ఆల్టర్నేటరు వెనకే ఉంటుంది. మీ పాత డైనమోకి అది ఉండదు. మాస్టర్ సిలిండరు కూడా మారాలి. డ్రమ్ముల కోసం చేసినదాంట్లో పైపుల్లో కొద్దిగా ఒత్తిడి నిలిపే కవాటం ఉంటుంది, అది ఉంటే డిస్కు ప్యాడ్లు పట్టేసి అరుగుతూనే ఉంటాయి. ముందు వెనుకలకు వేర్వేరు గదులున్న సిలిండరు వేయిస్తే ఒక పైపు పగిలినా రెండోవైపు బ్రేకు మిగులుతుంది. వెనుక చక్రాలు ముందే బిగుసుకుని బండి అడ్డం తిరగకుండా వాటికి ఒత్తిడి తగ్గించే వాల్వు అవసరం పడొచ్చు. ఇవన్నీ కలిపి లెక్క అడగండి. యాక్సిల్ ధర ఒక్కటే చెప్పే మేస్త్రీ దగ్గర ఆ పని పెట్టుకోకండి.

కాగితాల మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్‌సీ వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మీ మోడల్‌కే ఆ కంపెనీ డిస్కు బ్రేకులతో చేసిన యాక్సిల్ దొరికితే అదే మేలు. వేరేదైతే రవాణా కార్యాలయంలో ముందే అడిగి, అనుమతి కాగితం చేతికొచ్చాకే విప్పండి. లేదంటే ఫిట్‌నెస్ దగ్గర ఆగిపోతుంది, ప్రమాదం జరిగితే బీమావాళ్లు పేచీ పెడతారు.

బిగించాక మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టిగా తొక్కకుండా నడపండి, ప్యాడ్లు డిస్కుకు అలవాటు పడాలి. వారం తరువాత యూ బోల్టులు మళ్లీ బిగించండి. బ్రేకు ఆయిలు రెండేళ్లకోసారి మార్చండి, అది గాలిలో తేమ పీల్చుకుని ఘాట్‌లో మరుగుతుంది. ఇంజను ఆయిలు మాత్రం చుక్క కూడా పోయకండి, రబ్బర్లు ఉబ్బిపోతాయి. డిస్కు వచ్చింది కదా అని న్యూట్రల్‌లో దిగడం వద్దు, ఎక్కిన గేరులోనే దిగాలి.

పాత యాక్సిల్‌ని అప్పుడే తుక్కు కింద అమ్మేయకండి. ఫిట్‌నెస్ అయి, నాలుగు లోడులు ఘాట్ దిగి వచ్చేదాకా దొడ్లో ఓ మూల ఉండనివ్వండి.