అశ్వారావుపేట నుంచి అరకుకు సైకిలు మీద

సైకిలు మీద బజారుకు వెళ్లి కూరలు తెచ్చేవాణ్ణి చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. అదే సైకిలు మీద కొండలెక్కి అరకు దాకా వెళతానంటే మాత్రం పెద్దలు ముఖముఖాలు చూసుకుంటారు, పిల్లలు నవ్వుతారు, ఇల్లాలు డాక్టరుకు కబురు పెడుతుంది. ఈ మూడూ మా యింట్లో యథావిధిగా జరిగాయి. యాభయ్యారో ఏట అడుగుపెట్టిన నేనూ, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయీ కలిసి వచ్చే నవంబరులో చెయ్యదలచిన ప్రయాణం ఇది. ఇంకా బయలుదేరలేదు. అయితే ఇలాంటి ప్రయాణంలో సగం కష్టమూ, సగానికి మించిన సరదా బయలుదేరక ముందే వున్నాయని తెలిసింది గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

విదేశాల్లో దీన్ని బైక్‌ప్యాకింగ్ అంటున్నారు. కేరియరు మీద మూటలు కట్టుకోవడం కాకుండా, ఫ్రేము మధ్యనా, సీటు కిందా, హాండిలుకూ చిన్న చిన్న సంచులు బిగించుకుని, తారురోడ్డూ మట్టిబాటా అన్న తేడా లేకుండా రోజుల తరబడి సాగిపోవడమన్నమాట. పేరు కొత్తదే గాని పని పాతది. 1897లో అమెరికా సైన్యంలోని 25వ పదాతి దళానికి చెందిన నల్లజాతి సిపాయిలు మోంటానా రాష్ట్రంలోని మిసౌలా నుంచి సెయింట్ లూయిస్ నగరం దాకా, కొండలూ బురదా ఇసుకా దాటుకుంటూ, సుమారు 1,900 మైళ్లు సైకిళ్ల మీద వెళ్లారు. 1923లో బొంబాయి నుంచి కొందరు పార్శీ యువకులు సైకిళ్ల మీద ప్రపంచయాత్రకు బయలుదేరారు. వారిలో ముగ్గురు 1928లో యాత్ర ముగించుకుని తిరిగి వచ్చారు. 1963లో ఐర్లండు దేశపు డెర్వ్లా మర్ఫీ ఒంటరిగా సైకిలు తొక్కుకుంటూ ఢిల్లీ చేరింది.

ఈ కథ చెప్పగానే మా ఆవిడ, "అప్పుడావిడ వయసెంతండీ?" అని అడిగింది.

"ముప్పయ్యొకటి."

"మరి మీకో?"

ఆ సంభాషణ అంతటితో ఆగిపోయింది.

నీటికి ఎదురుగా

దారి ఎంచుకోవడంలో మాకు నదులే సాయం చేశాయి. అశ్వారావుపేట నుంచి కుక్కునూరు మీదుగా వెళ్లి, సారపాక దగ్గర గోదావరి వంతెన దాటితే భద్రాచలం. అక్కడి నుంచి చింతూరు వెళితే శబరి కనబడుతుంది. ఆ శబరిలో కలిసే సీలేరును పట్టుకుని, దానికి ఎదురుగా మోతుగూడెం, డొంకరాయి, సీలేరు గ్రామం వరకు ఎక్కుతాము. ఆ పైన నదిని వదిలిపెట్టి సప్పర్ల, గూడెం కొత్తవీధి, చింతపల్లి, లంబసింగి, పాడేరు మీదుగా అరకు. మొత్తం సుమారు 400 కిలోమీటర్లు. ఎనిమిది రోజులు పెట్టుకున్నాము. కొంత మంచి రోడ్డు, కొంత గతుకుల ఘాటు, వంతెన లేని వాగులు అడ్డం వచ్చే మట్టిబాటలు కొంత.

తూర్పు కనుమలు హిమాలయాలు కావు, నిజమే. అయితే భద్రాచలం సముద్రమట్టానికి 50 మీటర్ల ఎత్తున వుంటే లంబసింగి 1,000 మీటర్ల ఎత్తున వుంది. పైగా ఒక్కసారిగా ఎక్కి ఊరుకోవడం కాదు. ఎక్కిందంతా లోయలో దిగి, మళ్లీ మొదటి నుంచి ఎక్కాలి. ఈ నది మీద ఎగువన మాచ్‌ఖండ్‌లో 120 మెగావాట్లు, ఎగువ సీలేరులో 240, డొంకరాయిలో 25, దిగువ సీలేరులో 460 మెగావాట్ల విద్యుత్కేంద్రాలు కట్టారు. నీళ్లు దొర్లితే అంత కరెంటు పుట్టే వాలు వున్న చోట, ఎదురెక్కేవాడి మోకాళ్ల సంగతి వేరే చెప్పాలా?

కేలరీలూ, పళ్లచక్రాలూ

మా అమ్మాయి లెక్కల మనిషి. భోజనాల బల్ల మీద కాగితం పరిచి, నన్నూ, సైకిలునూ, సామానునూ కలిపి 87 కిలోలని తేల్చింది. అంత బరువును 1,000 మీటర్లు పైకి చేర్చడానికి అయ్యే పని సుమారు 200 కేలరీలట. కాని మన కండరాలు తిన్నదాంట్లో నాలుగో వంతే పనిగా మార్చగలవు, మిగతాది వేడిగా పోతుంది. కనుక ఆ ఎక్కుడుకే 800 కేలరీలు కావాలి. అంటే పావుకిలోకు కాస్త తక్కువ బియ్యం! రోజువారీ తిండికి ఇది అదనం. "నాన్నా, డైటింగు కొండ దిగాక చేద్దువుగాని" అంది.

తరువాత గేర్లు. ముందు 44 పళ్లూ వెనక 18 పళ్లూ వున్న మన మామూలు సైకిలు, పెడలు ఒక్క చుట్టు తిప్పితే దాదాపు అయిదున్నర మీటర్లు పోతుంది. చదును మీద అది హాయే గాని, ఘాటు మీద ఆ ఒక్క చుట్టు తిప్పడానికే మనిషి లేచి నిలబడాలి. ముందు 30, వెనక 34 పళ్ల చక్రాలు వేసుకుంటే ఒక్కో చుట్టుకు పోయేది సుమారు 2 మీటర్లే. నడిచే మనిషి మనల్ని పలకరించి ముందుకు పోవచ్చు. పోనివ్వండి, కాళ్లు మాత్రం మిగులుతాయి. టైర్లు వెడల్పువి, గాలి కొద్దిగా తగ్గించి పెడితే గులకరాళ్ల మీద పట్టు వుంటుంది.

సామాను 12 కిలోలు దాటకూడదన్నది నియమం. మూడు లీటర్ల నీళ్లు, దోమతెర, ఒక దుప్పటి, రెండు జతల బట్టలు, పంక్చరు సామాను, అదనపు ట్యూబులు, చెయిను ముక్క, బ్రేకు దిమ్మలు. ఎక్కేటప్పుడు మరిచిపోతాం గాని, దిగేటప్పుడు ప్రాణాలు నిలిపేవి ఆ బ్రేకు దిమ్మలే.

ఎప్పుడు వెళ్లాలి?

వానాకాలంలో మాత్రం వద్దు. 2024 జూలైలో మా అశ్వారావుపేట మండలంలోనే గుమ్మడవల్లి దగ్గర పెదవాగు కట్ట తెగి, దిగువన వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊళ్లలోకి నీళ్లు వెళ్లాయి. భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986లో అది 75 అడుగులు దాటింది, 2022లో 71 అడుగులు దాటింది. ఎండాకాలంలో మన్యం దిగువ భాగం పెనంలా వుంటుంది. నవంబరు నెలాఖరయితే వాగులు తగ్గుతాయి, అరకు లోయలో వలిసె పూలు పసుపు ఆరబోసినట్లు వుంటాయి, చలి ఇంకా ఎముకల దాకా పోదు.

మలేరియా సంగతి వేళాకోళం కాదు. సీలేరు, చింతూరు ప్రాంతాలు దానికి పేరుపడ్డవి. డాక్టరుగారిని అడిగి మందులు ముందే నిర్ణయించుకున్నాము. తిరిగివచ్చిన కొన్ని వారాల తరువాత జ్వరం తగిలినా సరే, "ఫలానా చోటికి వెళ్లివచ్చాను" అని చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలన్నది ఆయన మొదటి హెచ్చరిక.

మా ఆవిడ షరతులు వేరే వున్నాయి. చీకటి పడ్డాక చక్రం కదలకూడదు. అడవిలో మకాం పెట్టకూడదు. ఊళ్లోనే బస, అక్కడి ఠాణాలో ఒక మాట చెప్పి వుంచాలి. ఫోను పనిచెయ్యని చోట్లు ముందే రాసి యివ్వాలి. చింతూరు, సీలేరు, చింతపల్లి — ఈ మూడు చోట్లా ఆగి మోకాళ్లను అడగాలి. మోకాలు వద్దంటే సైకిళ్లు బస్సు మీద వేసుకుని వచ్చెయ్యాలి. "అమ్మాయి ముందర పరువు పోతుందని తొక్కేరు సుమండీ!" అంది. నేను ఒప్పుకుంటూ సంతకం కూడా చేశాను.

ఈ దారి ఎవరిది?

ఇంత తొందర దేనికని అడిగినవారున్నారు. మొదటి రోజు మేము వెళ్లే దారి చూడండి. 2014లో కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పోలవరం ముంపు కారణంగా ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అందువల్ల తెలంగాణలోని అశ్వారావుపేటలో బయలుదేరినవాడు ఆంధ్రలోకి వెళ్లి, బూర్గంపాడు దగ్గర తిరిగి తెలంగాణలోకి వచ్చి, భద్రాచలం దాటగానే మళ్లీ ఆంధ్రలో పడతాడు. పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. అంత నీరు నిలిపిన నాడు ఈ దారి పక్కన వున్న ఊళ్లు ఎన్నో నీటి అడుగుకు పోతాయి. నా చిన్నతనంలో సంతకు నడిచి వెళ్లిన ఊళ్లు అవి. వాటిని మా అమ్మాయి ఒక్కసారైనా, కారు అద్దంలోంచి కాకుండా, పలకరించగలిగినంత నెమ్మదిగా చూడాలని నా కోరిక.

చివరి రోజుల దారికీ ఒక కథ వుంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించేటప్పుడు, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ల చేత చాలీచాలని కూలికి బలవంతంగా పని చేయించాడు. ఆ కడుపుమంట మన్యం తిరుగుబాటుకు ఒక కారణమయింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొదట పట్టుకున్నది చింతపల్లి పోలీసుస్టేషనునే. చింతపల్లి నుంచి లంబసింగికి మేము సరదాగా తొక్కబోయేది ఆ రోడ్డే.

ఇది చదివాక మా అమ్మాయి ఖర్చుల పద్దులో ఒక వరస కలిపింది. ఏ గూడెంలో అన్నం తిన్నా, ఎవరింటి అరుగు మీద పడుకున్నా, దారి చూపడానికి ఎవరు వెంట వచ్చినా, అడిగి న్యాయమైన డబ్బు ఇవ్వాలి. వద్దంటే ఆ యింటి పిల్లలకు పుస్తకాలు కొనివ్వాలి. మా పద్దులో అన్నిటికంటె పెద్ద మొత్తం ఇప్పుడు అదే. టైర్ల ఖర్చు దాని తరువాతే.

ఇక మిగిలింది సాధన. రోజూ తెల్లవారుజామున పామాయిల్ తోటల మధ్య ఇరవై కిలోమీటర్లు, ఆదివారం సామానుతో అరవై. నవంబరు ఆఖరులో ఆ వైపు వుండే పాఠకులెవరికైనా తండ్రీ కూతుళ్లిద్దరు రొప్పుతూ సైకిళ్లు నడిపించుకుపోతూ కనిపిస్తే దయచేసి నవ్వకండి. కాచి చల్లార్చిన మంచినీళ్లు ఒక చెంబెడు ఇప్పించండి, చాలు.