లూపస్ వ్యాధి – మూత్రపిండాల రక్షణ



మూత్రంలో మంట పుడితే మన గోపాలపూర్‌లో 'వేడి చేసింది' అంటాం. మజ్జిగో, కొబ్బరినీళ్ళో తాగి ఊరుకుంటాం. కిడ్నీ జబ్బు అనగానే ఇచ్ఛాపురం అవతలి ఉద్దానం గుర్తుకొచ్చి, తాగే నీటిని అనుమానిస్తాం. కాని వేడితోను, నీటితోను సంబంధం లేకుండా మూత్రపిండాలను దెబ్బతీసే జబ్బు మరొకటి ఉంది. అదే లూపస్.

రోగాల నుంచి మనల్ని కాపాడే రక్షణశక్తి, ఈ జబ్బులో సొంత అవయవాల మీదనే తిరగబడుతుంది. కంచే చేను మేసినట్టన్నమాట. ఇది అంటువ్యాధి కాదు. రోగుల్లో పదింట తొమ్మిదిమంది స్త్రీలే. కీళ్ళనొప్పులు, విడవని జ్వరం, బుగ్గలమీద సీతాకోకచిలుక రెక్కల్లాంటి ఎర్రమచ్చ దీని గుర్తులు. ఎండ తగిలితే మచ్చ పెరుగుతుంది. ఇసుకలో చేపలు ఎండబెట్టే మన అక్కచెల్లెళ్ళు దాన్ని ఎండ ప్రభావమేనని వదిలేయకూడదు.

మూత్రపిండం రక్తాన్ని వడపోసే జల్లెడ. లూపస్ వల్ల ఆ జల్లెడ దెబ్బతింటే, రక్తంలో ఉండవలసిన ప్రొటీను మూత్రంలోకి జారిపోతుంది. మూత్రం నురగ కడుతుంది. పొద్దున ముఖం ఉబ్బుతుంది, సాయంత్రానికి పాదాలు వాస్తాయి. రక్తపోటు పెరుగుతుంది. కాని మంట, నొప్పి సాధారణంగా ఉండవు. ఒక్కోసారి ఏ గుర్తూ కనబడదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

మరి మంట పుడితే? అది చాలావరకు సూక్ష్మక్రిముల వల్ల వచ్చే మూత్రవ్యాధి. లూపస్‌కు వాడే మందులు రోగనిరోధకశక్తిని తగ్గిస్తాయి కనుక ఈ రోగులకు అది తేలికగా సోకుతుంది. అలాగని మందుల షాపులో అడిగి మాత్రలు వేసుకోవద్దు. సల్ఫా మందులు కొందరిలో లూపస్‌ను రేపుతాయి. సైక్లోఫాస్ఫమైడ్ వాడేవారికి మూత్రంలో రక్తం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

లూపస్ ఉన్నవారు మంట లేకపోయినా, డాక్టరు చెప్పిన గడువు ప్రకారం మూత్రంలో ప్రొటీను, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. అవసరమైతే మూత్రపిండం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. తొలిదశలో పట్టుకుంటే స్టెరాయిడ్లు, హైడ్రాక్సీక్లోరోక్విన్, మైకోఫినోలేట్ వంటి మందులతో చాలామందిలో జబ్బును అదుపులో ఉంచవచ్చు. స్టెరాయిడ్లతో ముఖం గుండ్రమైందని మందులు మీ అంతట మీరే మానకండి. గర్భం కోరుకునేవారు ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి.

బరంపురం పెద్దాసుపత్రిలో ఒడియాలో చెప్పుకోలేక మన ఆడవాళ్ళు సగం మాట మింగేస్తారు. 'పరిస్రారె ఫేణ హేఉఛి' అనండి. మూత్రంలో నురగ వస్తోందని అర్థం. సిగ్గుపడవలసిన మాట కాదది, మూత్రపిండాలను కాపాడే మాట.