కోడిపుంజులో గడియారం



డ్రాయింగ్ పిరియడ్‌లో బొమ్మ వేయమంటే మనం ఏం వేస్తాం? రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన ఒక కొబ్బరిచెట్టు. మన గూడేల్లో కొబ్బరిచెట్టు ఎక్కడుంది చెప్పండి! ఇంటి గోడమీద అవ్వ వేసిన బొమ్మను మాత్రం "అదీ ఒక బొమ్మేనా" అని నవ్వుతాం. కానీ అలాంటి గోడబొమ్మల నుంచే ఒక కొత్త చిత్రకళ పుట్టింది.

మధ్యప్రదేశ్‌లో పాటన్‌గఢ్ అనే ఊరుంది. అక్కడి పర్ధానులు బానా వాయిస్తూ గోండు దేవతల కథలు పాడేవారు. మన ఆదిలాబాద్ వైపు ప్రధానులు కిక్రి వాయిస్తూ పాడినట్టే. ఆ ఊరి కుర్రవాడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. మట్టిగోడల మీద బొమ్మలు చేసేవాడు. 1981లో భోపాల్‌లోని భారత్ భవన్ కోసం కళాకారులను వెతుకుతూ వచ్చినవాళ్ళ కంట అవి పడ్డాయి. చిత్రకారుడు జె. స్వామినాథన్ అతనిని భోపాల్‌కు రప్పించి కాగితం, రంగులు ఇచ్చారు. అంతవరకు పాటలో మాత్రమే ఉన్న దేవతలకు జన్‌గఢ్ రూపం కల్పించాడు. 1989లో అతని బొమ్మలు పారిస్ ప్రదర్శనకు వెళ్ళాయి. 2001లో జపాన్‌లో చనిపోయాడు. అప్పటికి పెద్ద వయసేమీ కాదు. అయినా ఆ కళ ఆగలేదు. దానిని ఇప్పుడు 'జన్‌గఢ్ కలం' అంటున్నారు.

వేసే పద్ధతి ఇది. ముందు ఆకారం గీసి రంగు నింపుతారు. ఆ పైన సన్నని గీతలు, చుక్కలు వరుసగా పేరుస్తారు. ఎవరి చుక్క వారిది, ఎవరి గీత వారిది. సంతకం చూడకుండానే ఎవరు వేశారో చెప్పవచ్చు.

జన్‌గఢ్ దగ్గర పని నేర్చుకున్న బంధువు భజ్జు శ్యామ్. భోపాల్‌లో మొదట రాత్రి కాపలా పని చేశాడు. తర్వాత ఒక హోటల్ గోడలమీద బొమ్మలు వేయడానికి లండన్ వెళ్ళాడు. అంత పెద్ద పట్నం చూసి బెదిరిపోలేదు. గాలిలోకి లేచే విమానం అతనికి ఎగిరే ఏనుగులా కనిపించింది. రోజూ తీసుకెళ్ళే 30వ నంబరు బస్సు నమ్మకమైన కుక్క అయింది. మనకు పొద్దు చెప్పేది కోడిపుంజు కదా, అందుకని లండన్ గడియార స్తంభాన్ని పుంజుతో కలిపి వేశాడు! ఆ బొమ్మలతో 2004లో 'ది లండన్ జంగిల్ బుక్' అనే పుస్తకం వచ్చింది. 2018లో భజ్జుకు పద్మశ్రీ ఇచ్చారు.

చూశారా, కొత్త వస్తువును కూడా అతను తన ఊరి కన్నుతోనే చూశాడు. ఆ కన్ను మనకూ ఉంది. సెలవులకు వెళ్ళినప్పుడు అవ్వ పక్కన కూర్చుని, ఆ బొమ్మ ఏమిటి, ఎందుకు వేస్తారు అని అడగండి. గోడకు సున్నం కొట్టకముందే నోట్‌బుక్‌లో దించుకోండి. సున్నం పడితే గోడ తెల్లబడుతుంది గానీ బొమ్మ మళ్ళీ రాదు.