పిండి మరకు కరెంటు లెక్క

కరెంటు బిల్లు చేతికి రాగానే చిన్న వ్యాపారులం చివర ఉన్న మొత్తం చూసి గుండె పట్టుకుంటాం. తెనాలి దగ్గర మా ఊళ్లో పిండి మర నడుపుతున్న మనిషిగా నేను చెప్పేది ఒకటే: ఆ మొత్తానికి పైనున్న వరసలన్నీ చదవండి. పొదుపు దారి అక్కడే దొరుకుతుంది.

బిల్లులో ప్రధానంగా నాలుగు ఉంటాయి. వాడిన యూనిట్ల ఖర్చు ఒకటి. మనం తీసుకున్న లోడుకు కిలోవాట్ల చొప్పున కట్టే ఫిక్స్‌డ్ ఛార్జీ రెండోది. మర మూసినా అది తప్పదు. మూడోది ఇంధన సర్దుబాటు, నాలుగోది విద్యుత్ సుంకం. మన రాష్ట్రంలో వ్యాపార, పరిశ్రమల కనెక్షన్లకు ఈ సుంకం 2022లో యూనిట్‌కు 6 పైసల నుంచి రూపాయికి పెరిగింది. రేట్లు మన చేతిలో లేవు. యూనిట్లు, లోడు మాత్రం చాలావరకు మన చేతిలోవే.

ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. 10 హెచ్‌పీ మోటారు పూర్తి లోడు మీద గంట తిరిగితే ఏడున్నర యూనిట్లకు తక్కువ కాదు. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు ఒక్క యూనిట్ కాల్చడానికి 50 గంటలు పడుతుంది. కాబట్టి మరలో పొదుపంటే మోటారు దగ్గరే మొదలవ్వాలి.

గింజలు లేకుండా తిరిగినా మోటారు కరెంటు లాగుతూనే ఉంటుంది. ఒకరు రెండు కిలోల బియ్యం, కాసేపటికి ఇంకొకరు కిలో గోధుమలు తెస్తే, ప్రతిసారీ మర వేసి ఆపడం దండగ. అందుకే, "పిన్నిగారూ, డబ్బా మీద పేరు రాసి పెట్టి వెళ్లండి, మధ్యాహ్నానికి పట్టి ఉంచుతాను" అంటాను. బియ్యం అన్నీ ఒక వాయి, గోధుమలు ఒక వాయి. కారం సాయంత్రమే. సంక్రాంతి ముందు అరిసెల పిండికి మాత్రం ఎవరినీ ఆగమనలేం. నానబెట్టిన బియ్యం ఆగవు.

నెలకోసారి ఒక బస్తా గోధుమలు పట్టే ముందు, పట్టాక మీటరు రీడింగు రాసుకుంటాను. యూనిట్లు పెరిగాయంటే రాళ్లు అరిగి ఉండాలి, బెల్టు వదులై ఉండాలి, లేదా బేరింగు ఎండిపోయి ఉండాలి. రాళ్లకు కక్కు కొట్టించి, బెల్టు బిగించి మళ్లీ చూస్తే తేడా మీటరే చెబుతుంది. కేవీఏహెచ్ లెక్కన బిల్లు వచ్చేవాళ్లు కెపాసిటర్ పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. అది పాడైతే పవర్ ఫ్యాక్టర్ పడిపోయి, చేసిన పని అంతే అయినా బిల్లు పెరుగుతుంది.

పాత యంత్రం ఏదైనా తీసేశారా? అయితే లోడు తగ్గించమని కరెంటాఫీసులో దరఖాస్తు పెట్టండి. లేని మోటారుకు నెలనెలా ఫిక్స్‌డ్ ఛార్జీ కట్టడం ఎందుకు? అలాగని వాడే లోడుకన్నా తక్కువ చూపిస్తే జరిమానా పడుతుంది.

పగలు నడిచే మరకు సోలార్ బాగా కుదురుతుంది. ఒక కిలోవాట్ పలకలకు సుమారు 100 చదరపు అడుగుల కప్పు కావాలి, రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. అయితే పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే, మనకు రాదు. పెట్టుబడి ఎన్నేళ్లకు తిరిగొస్తుందో లెక్క వేసుకున్నాకే దిగండి.

కిలోకు పట్టుడు ధర పెంచడం చివరి మాట కావాలి. పెంచితే ఆ భారం రెండు కిలోల బియ్యం తెచ్చుకునే ఇల్లాలి మీదే పడుతుంది. ముందు ఈ నెల బిల్లు తీసి వరసవరసా చదవండి. అర్థం కాని వరస ఉంటే కరెంటాఫీసుకు వెళ్లి అడగండి. డబ్బు కట్టేది మనం, అడిగే హక్కూ మనదే.