కుక్క పంటికి గార యేల పట్టును?

మీ పెంపుడు కుక్క పెదవిని మెల్లగా పైకెత్తి, పై దవడ వెనుకనున్న పెద్దపంటిని పరికించినచో, పన్నును చిగురును కలియుచోట గోధుమవన్నె పెచ్చును, దాని యంచున ఎఱ్ఱని గీతయు గోచరింపవచ్చును. ఆ పెచ్చే గార, ఆ యెఱ్ఱదనమే చిగుళ్ల వాపునకు తొలి సూచన.

ఇది యెట్లేర్పడును? పండ్లపై సూక్ష్మజీవులతో గూడిన మెత్తని పాచి నిత్యము పేరుకొనుచుండును. దానిని తుడువనిచో, లాలాజలమందలి ఖనిజలవణములు అందు జేరి, కొలది దినములలోనే రాయివలె గట్టిపఱచును. కుక్క లాలాజలమునకు మనకంటె క్షారగుణము హెచ్చు గనుక, దాని 42 పండ్లకును పుచ్చు అరుదు, గార మెండు. పై పెద్దపంటి చెంతనే లాలాజలనాళము తెఱచుకొనును గావున అచ్చట మఱింత దట్టముగా పట్టును.

గార పట్టకుండుటకు, తడిపిన పలుచని గుడ్డను వ్రేలికి చుట్టి, మొదట ఒకటి రెండు పండ్లను మాత్రమే తుడిచి, ముద్దుచేసి విడిచి, కుక్క అలవాటుపడిన పిదప మెత్తని బ్రష్షుతో వెలుపలివైపున, చిగుళ్ల యంచు వెంట, ప్రతిదినము తోమవలెను. మనము వాడు పేస్టు వలదు; కుక్క ఉమ్మివేయనేరదు, మ్రింగును; కొన్నిటిలోని జైలిటాల్ అను తీపిపదార్థము దానికి విషము. కుక్కల కొఱకే చేసిన పేస్టు వేఱుగా లభించును.

గట్టిపడిన గార బ్రష్షుకు లొంగదు. చాకుతో గీకినచో పన్ను గీట్లుపడి, చిగురు తెగును. పశువైద్యుడు మత్తునిచ్చి, చిగురు క్రిందిదానిని గూడ తీయును. నోటి దుర్గంధము కుక్కలకు సహజమని పలువురు తలంతురు గాని, అది వ్యాధిలక్షణము. పాపము, నొప్పి యున్నను కుక్క తరచుగా తిండి మానదు. ఒకవైపుననే నమలుటను బట్టి మనమే గ్రహింపవలెను.